గింజ తోలే బండికి గిట్టుబాటు ఎక్కడ పోతుంది? పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

సొంత బండి మీద విడి గింజ తోలేవాళ్ళ నుంచి వచ్చిన ప్రశ్నలివి. ఒకే రకం ప్రశ్నలు చాలా వచ్చాయి కాబట్టి కొన్నింటిని కలిపేశాం.

ప్రశ్న: సొంత ట్రైలరు మీద ధాన్యం తోలుతున్నాను. వ్యాపారులు టన్నుకు ఇంత అని రేటు చెబుతారు. అది గిడుతుందో లేదో బయల్దేరే ముందే తేల్చుకోవడం ఎలా?

ఖర్చంతా డీజిల్ లీటర్లలోకి మార్చుకోండి. డీజిల్ ధర మారినప్పుడల్లా లెక్క మొదటినుంచీ వేయక్కర్లేదు, ఆ రోజు లీటరు ధరతో గుణిస్తే చాలు. ఏ ఖర్చు ఎంత తింటోందో కూడా ఒకే కొలతలో కనిపిస్తుంది.

ఉదాహరణకు 80 కి.మీ. దూరానికి 25 టన్నుల లోడు, తిరుగు ప్రయాణం ఖాళీ అనుకుందాం. లోడుతో లీటరుకు 2.8 కి.మీ., ఖాళీగా 4.2 కి.మీ. ఇచ్చే బండైతే వెళ్ళడానికి 29 లీటర్లు, రావడానికి 19, మొత్తం 48. రెండు చివరలా కలిపి రెండు గంటలు ఇంజన్ ఊరికే తిరిగితే ఇంకో 5 లీటర్లు. టైర్లకొస్తే, 14 టైర్ల బండిలో ఒక్కో టైరు ధర 250 లీటర్ల డీజిల్‌తో సమానమనీ, 80,000 కి.మీ. నడుస్తుందనీ వేసుకోండి. 3,500 లీటర్లు 80,000 కి.మీ. మీద పరుచుకుంటే ఈ 160 కి.మీ. ట్రిప్పుకు 7 లీటర్లు పడుతుంది. ఆయిలు, ఫిల్టర్లు, గ్రీజు, బ్రేకు లైనర్లు కలిపి ఇంకో 5. అంటే ట్రిప్పుకు 65 లీటర్లు.

బండి కదిలినా కదలకపోయినా పడే ఖర్చు వేరు. బ్యాంకు వాయిదా, బీమా, పన్ను, పర్మిట్టు కలిపి ఏడాదికి 14,000 లీటర్లనుకుంటే, దాన్ని 365తో భాగించకండి. గింజ పని కోతల చుట్టూ తిరుగుతుంది. నిజంగా లోడు దొరికే రోజులు 200 అయితే రోజుకు 70 లీటర్లు. మీ కూలి కూడా రాయండి, చాలామంది దీన్ని వదిలేసి మిగిలిందే కూలి అనుకుంటారు. దానికి 40 లీటర్లు పెట్టుకుంటే రోజు ఖర్చు 110.

ఇప్పుడు పోల్చండి. రోజుకు ఒక్క ట్రిప్పే పడితే 65 + 110 = 175 లీటర్లు, అంటే టన్నుకు 7 లీటర్లు. రెండు పడితే 130 + 110 = 240, టన్నుకు 4.8 లీటర్లు. బండి అదే, దారి అదే, రేటు అదే. రెండో ట్రిప్పు పడనివ్వనిది చాలాసార్లు అన్‌లోడు దగ్గరి క్యూ. అందుకే రేటు అడిగేటప్పుడు “అక్కడ ఎన్ని గంటలు పడుతుంది?” అనేదీ అడగండి. రెండు గంటలు ఉచితం, ఆపైన గంటకు ఇంత అని ముందే రాయించుకోండి. గేటులోకి వచ్చిన సమయం, బయటికి వెళ్ళిన సమయం చీటీ మీద పడకపోతే ఆ నిలుపుదల డబ్బు ఎవరూ ఇవ్వరు.

ఈ అంకెలు మా ఊహలే. మీ బండివి మీరు వేసుకోవాలి. మైలేజీ మాత్రం అమ్మినవాళ్ళు చెప్పింది కాకుండా, ట్యాంకు నిండుగా పోయించి మళ్ళీ నిండుగా పోయించేదాకా నడిచిన కిలోమీటర్లతో చూడండి. లోడుతో, ఖాళీగా విడివిడిగా తేల్చాలి.

ప్రశ్న: తిరుగు లోడు ఎంత తక్కువకొచ్చినా తీసుకోవడమే లాభమంటారు. నిజమేనా?

సగమే నిజం. పై లెక్కలో ఖాళీగా రావడానికి 19 లీటర్లు ఎలాగూ పోతున్నాయి. లోడుతో వస్తే 29, అదనం 10 లీటర్లే. ఆపైన ఎంతొచ్చినా మిగులులాగే కనిపిస్తుంది. కానీ ఆ లోడు కోసం నాలుగు గంటలు ఆగి రెండో ట్రిప్పు పోగొట్టుకుంటే లెక్క తిరగబడుతుంది. పైగా ఎరువో సిమెంటో ఎక్కించుకుంటే ట్రైలరు కడిగి ఆరబెట్టే సమయం కూడా దాని ఖాతాలోనే వేయాలి. దీని సంగతి ఇంకో జవాబులో ఉంది.

ప్రశ్న: ఎక్కించిన చోటి కాటాకీ దించిన చోటి కాటాకీ 300 కిలోల తేడా వచ్చింది. దారిలో ఒక్క గింజ పోలేదు. అయినా నా కిరాయిలో కోశారు. తేడా ఎక్కడినుంచి వస్తుంది?

ముందు మీ డీజిల్ ట్యాంకు చూడండి. ఖాళీ తూకం అయ్యాక, లోడు తూకానికి ముందు 300 లీటర్లు పోయించారనుకోండి. డీజిల్ లీటరు సుమారు 0.84 కిలోలు, అంటే 252 కిలోలు గింజ పేరుతో చీటీలోకి ఎక్కాయి. దించే చోట అది బయటపడుతుంది, దొంగతనం మీ మీద పడుతుంది. రెండు తూకాల మధ్య డీజిల్ పోయించకూడదన్నది అందుకే.

మనుషుల సంగతీ అంతే. ఖాళీ తూకానికి మీరూ క్లీనరూ దిగి, లోడు తూకానికి ఇద్దరూ క్యాబిన్‌లో కూర్చుంటే 130–140 కిలోలు తేడా. వానాకాలంలో టార్పాలిన్ మీద నిలిచిన నీళ్ళు మరిచిపోతారు. 10 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు పట్టా మీద 5 మి.మీ. నీరు నిలిస్తే 125 కిలోలు. చక్రాల మడ్‌గార్డుల్లో పేరుకున్న బురద, స్టెప్నీ, జాకీ, తాళ్ళ మూట, ఖాళీ తూకంలో ఏవున్నాయో లోడు తూకంలోనూ అవే ఉండాలి.

ఇక కాటా. పెద్ద వేబ్రిడ్జిలు సాధారణంగా 10 లేదా 20 కిలోల మెట్లలో చూపిస్తాయి కాబట్టి అంత తేడాకు గొడవ పడటం దండగ. బండి ఎక్కకముందు తెర మీద సున్నా ఉందో లేదో మీ కళ్ళతో చూడండి. చక్రాలన్నీ ప్లాట్‌ఫారం మీదే ఉన్నాయా, అంచు మీద టైరు ఆనుకుందా చూడండి. కాటా చిన్నదై ముందు ఇరుసులు ఒకసారి, వెనక ఇరుసులు ఒకసారి తూచి కలిపితే ఆ అంకె నమ్మదగింది కాదు. కాటాకు ముందూ వెనకా నేల ఏటవాలుగా ఉంటే, బ్రేకు పట్టి ఉంటే, బరువు ఒక ఇరుసు మీది నుంచి ఇంకోదానికి జారుతుంది. అలా తప్పనప్పుడు బ్రేకు వదిలి, నేల సమంగా ఉన్న వైపు నుంచే ఎక్కించమనండి.

నిజంగా కారితే ఆనవాలు ఉంటుంది. లోడుతో 5 కి.మీ. వెళ్ళాక ఆపి గేటు కింద, హాపర్ (గింజ దిగడానికి అడుగున గరాటులా ఉండే భాగం) తలుపు పట్టాల వెంట, వెనక మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టి చూడండి. నాలుగు గింజలు కనిపిస్తే రబ్బరు సీలు అరిగిందనే అర్థం. ఆవాలు, నువ్వుల లాంటి సన్నగింజకు గోధుమను ఆపే సీలు సరిపోదు. గేటు మూలల్లో మందపాటి ఫోమ్ పట్టీ కుక్కాలి.

ప్రశ్న: తేమ 18 శాతం ఉందని, 14కి లెక్కగట్టి తరుగు తీశారు. 4 శాతమే కదా పోవాలి, ఎక్కువ తీశారేం? దారిలో ఎండకు ఆరిపోయి బరువు తగ్గుతుందంటారు, ఆ నష్టం నాదా?

తరుగు 4 శాతం కాదు, 4.65. ఎండేది నీరే, గింజలోని ఘనపదార్థం అలాగే ఉంటుంది. 25,000 కిలోల్లో 18 శాతం నీరైతే ఘనపదార్థం 20,500 కిలోలు. 14 శాతం తేమ దగ్గర ఆ 20,500 కిలోలే మొత్తంలో 86 శాతం కావాలి. 20,500ను 0.86తో భాగిస్తే 23,837. పోయింది 1,163 కిలోలు. దానికి మించి తీస్తే ఆరబెట్టే ఖర్చో, తాలూ చెత్తా కోతో కలిపారన్నమాట. ఏది ఎంతో విడిగా రాయమనండి. ఇది అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య లెక్క. కిరాయి ఎక్కిన బరువు మీదా, దిగిన బరువు మీదా, తరుగు తీశాక మిగిలిన బరువు మీదా అన్నది మాత్రం మీ ఒప్పందంలో ఉండాలి. మా మాటగా చెప్పాలంటే, తోలిన బరువుకే కిరాయి. నీళ్ళను మోయడానికీ డీజిల్ పడుతుంది.

దారిలో ఆరిపోవడమన్నది వట్టి సాకు. టార్పాలిన్ కప్పిన 25 టన్నుల లోడు కొన్ని గంటల్లో కాటాకు అందేంత ఆరదు. జరిగేది దీనికి తలకిందులు. వెచ్చగా ఎక్కిన పచ్చి గింజ నుంచి లేచిన ఆవిరి, రాత్రి చల్లబడ్డ పట్టా కింద బొట్లు కట్టి పై పొర మీదే పడుతుంది. తెల్లారి నమూనా గొట్టం దింపకుండా పైనుంచి గుప్పెడు తీసి మీటరులో పెడితే తేమ ఎక్కువ చూపిస్తుంది. నమూనా పొడవాటి గొట్టంతో, అడుగు దాకా, కనీసం నాలుగైదు చోట్ల తీయించండి. లోడింగు గొట్టం కింద కుప్ప మధ్యలో నూక, దుమ్ము చేరుతాయి కాబట్టి నడిమిది ఒక్కటే తీసినా లెక్క తప్పుతుంది.

పచ్చి గింజతో రాత్రి నిలవాల్సి వస్తే లోడులోకి చెయ్యి మోచేతి దాకా దూర్చి చూడండి. లోపల పైకన్నా వేడిగా ఉంటే గింజ ఉడకడం మొదలైంది. తెల్లారేదాకా ఆగకుండా లోడు యజమానికి ఫోను చేయండి.

ప్రశ్న: ఒకే ట్రైలరులో గోధుమ పోస్తే బరువు మించుతుంది, ఓట్స్ పోస్తే నిండినా బరువు రాదు. ఎంత ఎత్తు పోయాలో చెప్పండి. మొత్తం బరువు సరిపోయినా ఒక ఇరుసు మీద ఎక్కువుందని జరిమానా పడింది.

ఒక క్యూబిక్ మీటరు గోధుమ దాదాపు 770 కిలోలు, మొక్కజొన్న 720, బార్లీ 620, వడ్లు 580, ఓట్స్ 410. 25 టన్నులకు గోధుమ 32.5 క్యూబిక్ మీటర్ల చోటు తింటే, వడ్లు 43, ఓట్స్ 61 తింటాయి. తేమ, తాలు, గింజ రకాన్ని బట్టి ఇవి అటూ ఇటూ అవుతాయి. మీ ట్రైలరు లోపలి కొలతలు వేసుకుని, ఏ గింజ ఏ ఎత్తుకు వస్తే 25 టన్నులో లోపలి గోడ మీద పెయింటుతో గీత గీయండి. మొదటి లోడు కాటా వేశాక ఆ గీతను సవరించుకోండి. ఓట్స్ లాంటి తేలిక గింజకు టన్ను లెక్కన ఒప్పుకుంటే మీరు గాలికి కిరాయి లేకుండా చోటిచ్చినట్టే. ట్రిప్పు లెక్కన మాట్లాడుకోవాలి.

ఇరుసు సంగతి తక్కెడ లెక్క. కింగ్‌పిన్ (ట్రైలరును ముందు బండికి తగిలించే లావుపాటి మేకు) నుంచి ట్రైలరు ఇరుసుల నడిమికి 9 మీటర్లుంటే, కింగ్‌పిన్‌కు 3 మీటర్ల వెనక పడ్డ టన్నులో 667 కిలోలు ముందుకు, ట్రాక్టరు (ట్రైలరును లాగే ముందు బండి) మీదికి పోతాయి. 333 కిలోలు ట్రైలరు చక్రాల మీద పడతాయి. మొత్తం 25 టన్నుల కుప్ప ఒక్క అడుగు, అంటే 0.3 మీటరు, వెనక్కి జరిగితే 833 కిలోలు ట్రాక్టరు మీది నుంచి ట్రైలరు ఇరుసుల మీదికి మారిపోతాయి. బండిని లోడింగు గొట్టం కింద ఒక అడుగు అటూ ఇటూ ఆపడంలోనే జరిమానా దాగుంది.

గాలి సస్పెన్షన్ ఉంటే దాని గేజే మీ సొంత కాటా. ఇరుసు బరువు కచ్చితంగా తెలిసిన రోజు సూది ఎక్కడుందో గాజు మీద గుర్తు పెట్టండి. పొలంలో, కాటా లేనిచోట, సూది ఆ గుర్తు దాటకుండా పోయించుకోవచ్చు. కమాన్ కట్టల బండికి ఆ సదుపాయం లేదు. కట్టకూ ఛాసిస్‌కూ మధ్య ఎడం టేపుతో కొలిచి రాసుకోవడమే, అదీ సుమారే.

ప్రశ్న: హాపర్ గేటు తెరిచినా గింజ ఇరుక్కుని రాలేదు. క్లీనరు లోపల దిగి కాలితో కదిపితే వచ్చింది. ఇది ప్రమాదమంటున్నారు. నిజమా?

ఇంకెప్పుడూ దించకండి. గింజ పారుతున్నప్పుడు అది ఊబి. అడుగున గేటు తెరిచి ఉంటే మనిషి కొన్ని సెకన్లలో మోకాళ్ళు దాటి దిగబడతాడు. ఆపైన సొంత బలంతో బయటికి రాలేడు. నడుము దాకా మునిగినవాడికి తాడు కట్టి లాగితే గింజ పట్టు అతని వెన్నూ కీళ్ళూ దెబ్బతినేంత ఉంటుంది. తడిసి గట్టిపడ్డ పై పొర అయితే ఇంకా మోసం, చూడటానికి గట్టి నేలలా ఉండి కింద డొల్లగా ఉంటుంది, కాలు పెట్టగానే కూలుతుంది.

గింజ కదపాలంటే బయటినుంచే. ముందు గేటు మూసేయాలి. హాపర్ గోడను రబ్బరు సుత్తితో కొట్టాలి, లేదా వైబ్రేటరు పెట్టించాలి. పైనుంచి నడిచే పలక మీద నిలబడి పొడవాటి కర్రతో పొడవాలి. ఎవరైనా చిక్కుకుంటే మొదట గేటు మూసి, కింది ఆగరు (మరలా తిరిగి గింజను లాగే గొట్టం), బెల్టు ఆపించి, అత్యవసర సేవకు ఫోను చేయాలి. మరో మనిషి దూకకూడదు. ప్లైవుడ్ పలకలతో మనిషి చుట్టూ గోడలా దింపి, ఆ గోడ లోపలి గింజను మాత్రమే తోడి తీయాలి.

గోదాములో పురుగుకు మాత్రలు పెట్టిన గింజైతే ఇంకో ముప్పు. అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు గాలిలోని తేమకు ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి. వెల్లుల్లి వాసనో కుళ్ళిన చేప వాసనో వస్తుందంటారు, కానీ వాసన రాలేదని ధైర్యపడటానికి లేదు. ఎక్కించే ముందు “మందు పెట్టారా, ఎప్పుడు గాలి పట్టించారు?” అని అడిగి చీటీలో రాయించుకోండి. మందు పెట్టి ఉన్న లోడు మీద గానీ, దాని పక్కనున్న క్యాబిన్‌లో గానీ నిద్రపోకండి.

ప్రశ్న: టిప్పర్ ట్రైలరు ఎత్తేటప్పుడు ఒకవైపుకు వాలింది. కొంచెంలో తప్పింది. కారణమేంటి?

నేల, టైర్లు, గింజ, ఈ మూడింట్లో ఒకటి. నేల ఏ మాత్రం పక్కకు వాలినా, ఒకవైపు టైర్లలో గాలి తక్కువున్నా, ఎత్తేకొద్దీ బరువు అటే దొర్లుతుంది. తడి గింజ పైన ఒక మూల అతుక్కుని మిగతాది జారిపోతే ఇంకా ఘోరం. ట్రాక్టరు, ట్రైలరు ఒకే గీతలో ఉండాలి, వంకరగా ఉన్నప్పుడు ఎత్తకూడదు. ఈదురుగాలిలో ఆగాలి. వెనక గేటు కొక్కేలు తీశాకే లిఫ్టు నొక్కాలి. వాలడం మొదలైతే వెంటనే దించేయాలి. మీరు క్యాబిన్‌లోనే, సీటు బెల్టుతో ఉండండి. దూకినవాళ్ళ మీదే బండి పడుతుంది.

ఎత్తే ముందు తలెత్తి చూడండి. కరెంటు తీగ తగిలితే క్యాబిన్ దిగకూడదు. మంటలు లేస్తే తప్పదు, అప్పుడు బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్ళు కలిపి గెంతి, పాదాలు నేల మీది నుంచి ఎత్తకుండా చిన్నగా జరుపుకుంటూ దూరం వెళ్ళాలి.

ప్రశ్న: కిందటి లోడు ఎరువు. ఊడ్చే వచ్చాను. అయినా ధాన్యం మిల్లువాళ్ళు ఎక్కించుకోనివ్వలేదు. ఎంత శుభ్రం చేస్తే ఒప్పుకుంటారు?

ముందు ఏం తోలారన్న దాన్ని బట్టి కడిగే పద్ధతి మారుతుంది. పశువుల దాణా రవాణాకు ఐడీటీఎఫ్ అనే అంతర్జాతీయ జాబితా నాలుగు మెట్లు పెట్టింది. ‘ఎ’ అంటే పొడిగా ఊడ్చి దులపడం, ‘బి’ నీళ్ళతో కడగడం, ‘సి’ నీళ్ళతోపాటు డిటర్జెంటు, ‘డి’ క్రిమిసంహారకం కూడా. కొన్ని సరుకుల తర్వాత మామూలుగా గింజ ఎక్కించనే కూడదు. మందు పట్టించిన విత్తనం సంగతి చెప్పక్కర్లేదు, గులాబీరంగు గింజలు గుప్పెడు కనిపిస్తే మొత్తం లోడు తిప్పి పంపుతారు, వాళ్ళది తప్పూ కాదు.

ఊడ్చినా మిగిలేది కళ్ళకు కనపడని చోట్ల. టార్పాలిన్ మడతల్లో, దాన్ని చుట్టే కడ్డీ కింద, నిచ్చెన మెట్ల మీద, హాపర్ అడుగున వెల్డింగు మూలల్లో, గేటు సీలు కూర్చునే గాడిలో. పైనుంచి కిందికి ఊడ్చి, కంప్రెషరు గాలి కొట్టి, గేటు పూర్తిగా తెరిచి టార్చితో ఆ గాడి చూడండి. కడిగితే పూర్తిగా ఆరాలి. తడి రేకు మీద పోసిన గింజ అతుక్కుని బూజు పడుతుంది, ఆ వాసనతో తర్వాతి లోడూ పోతుంది. కిందటి మూడు లోడ్లు, కడిగిన తేదీ, పద్ధతి ఒక పుస్తకంలో రాసి ఉంచితే గేటు దగ్గర సగం వాదన తగ్గుతుంది.

ప్రశ్న: మధ్యాహ్నం చూస్తే టైర్లలో గాలి ఎక్కువైంది, తీసేయొచ్చా?

వద్దు. 100 పీఎస్‌ఐ పట్టిన టైరు 10 డిగ్రీలు వేడెక్కితే 4 పీఎస్‌ఐ దాకా పెరగడం మామూలే. వేడి మీద తీస్తే రాత్రి చల్లారాక తక్కువవుతుంది, మర్నాడు లోడుతో ఆ టైరే పేలొచ్చు. తెల్లవారి, బండి కదలకముందు గేజి పెట్టండి. జంట టైర్లలో వ్యాసం తేడా 6 మి.మీ. లోపు ఉంచండి. పొలం దిగొచ్చాక జంట మధ్య ఇరుక్కున్న రాయి తీయండి. చక్రం విప్పి బిగించాక 80–150 కి.మీ. నడిచి నట్లు మళ్ళీ బిగించాలి.

బ్రేకు గాలి కూడా పొద్దున్నే చూడండి. ఇంజన్ ఆపి, బ్రేకు తొక్కి పట్టి ఒక నిమిషం గేజి చూస్తే, ట్రైలరు లేని బండిలో 3, ఉన్నదానిలో 4 పీఎస్‌ఐ మించి పడితే లీకుంది.

ప్రశ్న: నెలన్నర దాటాకే కిరాయి ఇస్తున్నారు. రేటు మంచిదే, వదులుకోలేను. ఏం చేయాలి?

మీరు అప్పిస్తున్నారు, అది రేటులో ఉందో లేదో చూడండి. వారానికి 8 ట్రిప్పులు, ట్రిప్పుకు 65 లీటర్లయితే వారానికి 520. నెలన్నరకు, అంటే ఆరున్నర వారాలకు దాదాపు 3,400 లీటర్ల సొమ్ము మీ చేతినుంచి బయట ఉంటుంది, ఇంకా వాయిదాలూ కూలీ కలపలేదు. ఆ మొత్తానికి మీరు కట్టే వడ్డీని ఆ కాలంలో తోలిన టన్నులతో భాగించి రేటు మీద వేయండి. అది ఒప్పుకోకపోతే డీజిల్ వరకైనా లోడు ఎత్తేటప్పుడే ఇప్పించుకోండి. దించిన కాటా చీటీ, తేమ చీటీ, గేటు సమయాలు మూడింటినీ ఆ రోజే ఫోటో తీసి పంపండి. సంతకం లేని కాగితం, వారం తర్వాత పంపిన కాగితం, చెల్లింపు వాయిదా వేయడానికి వాళ్ళకు మీరే ఇచ్చిన కారణమవుతుంది.